గుండోడు, జుట్టోడు, మా బాపు ఎడమ చెయ్యి

మొన్న పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోయే బస్సులో నా పక్కన ఒక కాలేజీ పిల్ల కూర్చుంది. ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద ఫోను. నేను కిటికీలోంచి నాట్లు పడుతున్న పొలాలు చూస్తున్నాను. ఫోనులోంచి ఠంగుమని ఒక గంట మోగింది. వెంటనే జనం గోల. ఆ గోలలో మైకుకు దగ్గరగా ఎవరో రెండుసార్లు పొడిగా దగ్గారు.

ఆ దగ్గు నాకు తెలుసు. తల తిప్పకుండానే, "ఇప్పుడు గుండాయన ఎడమ చెయ్యి ముందుకు చాపుతడు చూడు" అన్నాను.

చాపాడు. ఆ పిల్ల ఫోను చూసింది, నన్ను చూసింది, నా నెరిసిన జుట్టు చూసింది.

"ఆంటీ! మీరు రెజ్లింగ్ చూస్తరా?"

"ఇప్పుడు చూడ బిడ్డా. చిన్నప్పుడు చూసిన. గీ ఒక్క కుస్తీనే ఓ రెండువందల సార్లు చూసిన."

"మా తమ్ముడు పంపిండు, పాతది మస్తుంటది చూడుమని. కానీ ఇదంతా ఉత్తదే కదా ఆంటీ? ముందుగాల్నే మాట్లాడుకొని చేస్తరట కదా?"

"మాట్లాడుకొనే చేస్తరు. అసలు కథంత గందులనే ఉన్నది."

ఆ కథ మొదలుపెట్టేలోపు సుల్తానాబాద్ వచ్చింది. పిల్ల నవ్వుకుంటూ దిగిపోయింది. కరీంనగర్ బస్టాండు దాకా నా పక్క సీటు ఖాళీ. నేనూ ఆ బస్సులో లేను.

మాది మరమగ్గాల ఊరు. మావాళ్ళు వాటిని సాంచాలు అంటారు. పొద్దున మొదలైతే ఊరంతా టకటకలాడేది. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మాకది చప్పుడు కాదు. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగినప్పుడే ఏదో అయిందని ఉలిక్కిపడేవాళ్ళం. ఏ ఇంటికి పోయినా నూలు, గంజి, మిషన్ నూనె వాసన. మా ఇంట్లో మాత్రం వాటన్నిటినీ మించి ఆముదం, నల్లేరు పసరు వాసన. మా బాపమ్మ, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్న తల్లి, విరిగిన ఎముకలకు కట్టు కట్టేది.

చెట్టు మీది నుంచి పడ్డవాళ్ళు, సైకిల్ మీది నుంచి పడ్డవాళ్ళు, ఎద్దు తన్నినవాళ్ళు పొద్దున్నే మా అరుగు మీద కూర్చునేవారు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి, సాంచాల దగ్గర మిగిలిన బట్టముక్కలతో చుట్టేది. మనిషిని మొహం చూసి కాదు, కీళ్ళు చూసి గుర్తుపట్టేది. కొత్త చుట్టం గడప తొక్కగానే, "నీ కుడి బుజం ఎన్నడన్న జారిందా బిడ్డా?" అని అడిగేది. వాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు.

నేను ఆరో తరగతి అయిన ఎండాకాలం సెలవుల్లో దుబాయి నుంచి మామ వచ్చాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, ఒక్కగానొక్క తమ్ముడు. అట్టపెట్టెలు విప్పుతుంటే కొత్త ప్లాస్టిక్ వాసన, సెంటు సబ్బుల వాసన, ఖర్జూరం వాసన కలిసి గుప్పుమన్నాయి. అన్నింటికన్నా పెద్ద పెట్టెలో కలర్ టీవీ, దాని కింది పెట్టెలో వీసీఆర్. మూడు వీడియో క్యాసెట్లు. అందులో రెండు సినిమాలు. వాటిని మొదటి వారంలోనే ఎవరో అడిగి తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. మిగిలిన మూడోది కుస్తీ. మామ ఉండే క్యాంపులో ఎవరో టీవీ మీద వస్తుంటే రికార్డు చేసి ఇచ్చారట.

అందులో మూడు కుస్తీలున్నాయి. మొదటి రెండూ అరుపులు, కుర్చీలు విరగ్గొట్టడాలు. మూడోదాంట్లో ఏ హంగామా లేదు. ఒకాయన పొట్టి, గట్టి, నున్నటి గుండు, నల్ల చెడ్డీ. ఇంకొకాయన పొడుగు, భుజాల దాకా జుట్టు, ఆకుపచ్చ చెడ్డీ. ఇంగ్లీషులో చెప్పే ముచ్చట మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పేర్లు కూడా తెలియవు. బాపమ్మే పేర్లు పెట్టింది: గుండోడు, జుట్టోడు.

వీసీఆర్ బటన్లు నాకు తప్ప ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. తమ్ముడు నొక్కితే క్యాసెట్ బయటికి వచ్చేది, అవ్వ నొక్కితే టీవీ గుడ్డిదయ్యేది. అందుకని ఆ పెట్టె పక్కన చాప మీద నా స్థానం ఖాయమైపోయింది. ఆ సెలవులన్నీ నేనక్కడ మహారాణిని.

మొదటి ఆదివారం పొద్దున వాడకట్టు మొత్తం మా ముందరి ఇంట్లో ఉంది. అవ్వ పెద్ద పళ్ళెంలో సర్వపిండి ముక్కలు చేసి తిప్పుతోంది. జుట్టోడు గుండోణ్ణి ఎత్తి వెల్లకిలా పడేసినప్పుడు ఇల్లు అదిరిపోయేటట్టు అరిచారు. అంతలో గడప దగ్గర వెలుగు తగ్గింది. తల తిప్పి చూసినవాళ్ళు చూసినట్టే మాట ఆపేశారు.

గడపలో పహిల్వాన్ కాక నిలబడి ఉన్నాడు.

ఆయనది నిర్మల్ అవతల పల్లె. మాటల్లో మరాఠీ కలుస్తుంది. పడుచువాడుగా మా ఊరొచ్చి, తాలీం అనే కుస్తీ బడి పెట్టి, ఎర్రమట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి గుంటను తయారుచేసి, పిల్లలకు కుస్తీ నేర్పాడు. బర్రెల పాలు అమ్ముకుని బతికేవాడు. ఊర్లో అందరి ఇళ్ళకూ పాలు పోసేవాడు, మా ఇంటికి తప్ప.

ఎందుకంటే, నాకు రెండేళ్ళప్పుడు, నాగుల పంచమి కుస్తీల్లో ఆయన మా బాపు చెయ్యి విరిచాడు. వాళ్ళిద్దరూ ఆ తాలీంలో ఏళ్ళ తరబడి కలిసి కుస్తీ పట్టిన జోడీ. ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు. ఆ రోజు చివరి పట్టు ఇద్దరి మధ్యా పడింది. ఎడమ మోచెయ్యి పుటుక్కుమన్న చప్పుడు ఒడ్డున కూర్చున్న వాళ్ళకు కూడా వినిపించిందట. బాపమ్మే కట్టు కట్టింది. అయినా ఆ చెయ్యి పూర్తిగా చాపడానికి రాకుండా కొంచెం వంకరగా అతికింది. "నా చేతుల మీద వంకర అతికిన చెయ్యి ఒక్కటే. అది గూడ నా కొడుకుదే" అనేది బాపమ్మ. ఆ చేత్తోనే బాపు నాలుగు సాంచాలు నడిపేవాడు. పహిల్వాన్‌తో మాత్రం ఆ రోజు నుంచి మాట లేదు. బజారులో ఎదురైతే ఇద్దరిలో ఒకరు పాన్ డబ్బా వైపు తిరిగేవారు.

బాపు ఆ ఆదివారం సాంచాల దగ్గరే ఉన్నాడు. అది తెలిసే పహిల్వాన్ కాక వచ్చి ఉంటాడు. కాసేపు చూశాడు. ఫక్కున నవ్వాడు.

"అరే బాపరే! గిది కుస్తీ అంటరా? జూటా. ఇద్దరు గూడబలుక్కొని పడుతున్నరు. గిసొంటిది సూసి సప్పట్లు గొడుతున్నరు మీరు?"

మామ మొహం చిన్నబోయింది. సముద్రం దాటించి మోసుకొచ్చిన వస్తువు మరి. జనం కూడా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్న బాపమ్మ నోరు విప్పింది.

"ఓ పహిల్వానూ, జర ఆగు. నువ్వు కుస్తీ వట్టినన్ని దినాలల్ల నా అరుగు మీదికి ఎంతమందిని పంపినవో ఎర్కేనా?"

ఆయన తల తిప్పి అరుగు వైపు చూశాడు.

"గా జుట్టోడు గుండోన్ని మనిషెత్తు నుంచి ఎత్తేసిండు. కింద ఉన్నది పలకలు, మట్టి గాదు. గుండోడు లేశి నిలబడ్డడు. మెడ నిలువుగనే ఉన్నది, బుజం జారలే. గది ఎట్లయిందో నాకు జెప్పు. నువ్వు జెప్పినవనుకో, నేను గూడ జూటా అనే అంట."

పహిల్వాన్ కాక టీవీ వైపు మరోసారి చూశాడు. సర్వపిండి పళ్ళెం తన దాకా వచ్చినా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఊరంతా సాంచాల మీద ఉన్న వేళ, మళ్ళీ వచ్చాడు. చేతిలో చెంబుడు పాలు. చెప్పులు బయటే విడిచి, పెద్ద దేహాన్ని వీలైనంత చిన్నగా చేసుకుని, బాపమ్మను మరాఠీలో అమ్మా అని పిలుస్తూ అన్నాడు:

"ఆయీ, గదొక్కసారి పెట్టిస్తవా? మూడు దినాలైతుంది, పండుకుంటె నిద్ర వస్తలేదు. గా మనిషి ఎట్ల పడ్డడో సమజ్ కాలే."

బాపమ్మ నా వైపు చూసి, "పొల్లా, తిప్పు ఎనకకు" అంది.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు అలా గడిచాయి. మామ నిద్రపోయేవాడు, అవ్వ నూలు కండెలు చుడుతూ మధ్యమధ్యలో తొంగిచూసేది. మేం ముగ్గురం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. మామిడికాయ ముక్కల మీద ఉప్పు కారం చల్లుకుని తింటూ, ఒకే కుస్తీని ముక్కలు ముక్కలుగా చూసేవాళ్ళం. నేను ఆపేదాన్ని, వెనక్కి తిప్పేదాన్ని, మళ్ళీ నడిపేదాన్ని. ఆపినప్పుడు బొమ్మ వణికేది, మీద తెల్ల గీతలు పడేవి. ఆ గీతల మధ్యనుంచే బాపమ్మకూ కాకకూ కీళ్ళు, కండరాలు కనిపించేవి.

మొదట పడటం తెలిసింది. గుండోడు పడే ముందు గడ్డం ఛాతీకి ఆనించుకుంటాడు. తల నేలను తాకదు. వీపంతా ఒక్కసారే పడుతుంది, రెండు అరచేతులు అదే క్షణంలో పలకల మీద చరుస్తాయి. జనానికి వినిపించే పెద్ద చప్పుడు ఆ చేతులదే.

"సూశినవా, దెబ్బ ఒక్క కాడ వడకుంట ఒళ్ళంత పంచుకున్నడు" అంది బాపమ్మ.

"పడేసినోని చెయ్యి సూడు ఆయీ" అన్నాడు పహిల్వాన్ కాక, ముందుకు వంగి. "మెడ ఎనక పెట్టిండు. పడేదాక తియ్యలే. నేనైతే తీసేటోన్ని. తీస్తెనే గద దెబ్బ తగిలేది."

"తగిలితె ఏమొస్తది?"

ఆయన మామిడి ముక్క మీద ఇంకొంచెం కారం చల్లుకున్నాడు.

తర్వాత పట్లు తెలిశాయి. జుట్టోడు మణికట్టు పట్టి మెలితిప్పుతాడు. గుండోడు ఆ మెలితోపాటే ముందుకు పల్టీ కొట్టి, లేచి, అదే చేత్తో జుట్టోడి మణికట్టు పట్టేస్తాడు. చూస్తుంటే ఇద్దరు మనుషులు కలిసి ఒక తాడును అల్లుతున్నట్టుండేది. గుండోడి తల చంకలో బిగించి పట్టుకున్నప్పుడు జుట్టోడి పెదవులు కదిలేవి. చెవిలో ఏదో చెబుతున్నాడు. అది నేనే కనిపెట్టాను. కనిపెట్టి కేక పెడితే పహిల్వాన్ కాక నా వీపు చరిచి, "శభాష్, ఇది పహిల్వాన్ పోరి!" అన్నాడు. నేను టీవీ స్టాండుకు గుద్దుకున్నాను.

అన్నింటికన్నా గొప్ప సంగతి మాత్రం బాపమ్మ పట్టుకుంది. కుస్తీ సగంలో జుట్టోడు గుండోడి ఎడమ చెయ్యి తాళ్ళకేసి విరిచి లాగుతాడు. ఆ తర్వాత ఆట అయిపోయేదాకా గుండోడు ఆ చేతిని వాడడు. లేచేటప్పుడు కుడి చెయ్యి ఆనించి లేస్తాడు. ఎడమ చేతిని పొట్టకు అదుముకుని నడుస్తాడు. వేళ్ళు ముడిచి, విప్పి, చురుకు పోయిందా లేదా అని చూసుకుంటాడు. చివర గెలిచినప్పుడు కూడా కుడి చెయ్యే ఎత్తుతాడు.

"జనమంత మర్శిపోయిన్రు. గాయన మాత్రం మర్వలే" అంది బాపమ్మ. "చెయ్యి ఇరిగినోళ్ళు నా అరుగు మీద బరాబర్ గట్లనే గూసుంటరు. గాయన ఎక్కడనో ఓ కాడ నొప్పి పడ్డోళ్ళను మంచిగ సూశిండు పొల్లా. సూడకుంటె గట్ల చెయ్యరాదు."

మా తమ్ముడికీ వాడి గ్యాంగుకీ ఈ సూక్ష్మాలేవీ పట్టలేదు. వాళ్ళు నూలు మూటల మీది నుంచి ఒకరి మీద ఒకరు దూకడం మొదలుపెట్టారు. ఒకరోజు తమ్ముడు గడ్డివాము మీది నుంచి దూకి కింద పడుకున్న మేక మీద పడ్డాడు. మేక బతికింది, వాడి పంటి ముక్క పోయింది. బాపమ్మ కొడుతుందని అందరూ పారిపోయారు. ఆమె కొట్టలేదు. సాయంత్రం అందర్నీ వరసగా నిలబెట్టి, వరిగడ్డి పరిచి, గడ్డం లోపలికి పెట్టి, చేతులు చరిచి పడటం నేర్పించింది. పడటం చూపించింది మాత్రం పహిల్వాన్ కాక. అంత దేహం గడ్డి మీద పడుతుంటే మా పెరటి కోళ్ళు గోడ దూకాయి.

మామ తిరిగి దుబాయి పోయే ముందు రోజు, మధ్యాహ్నం సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా వాడకట్టులో కరెంటు ఉంది, టీవీ నడుస్తూనే ఉంది. సాంచాల షెడ్ల లైను ఒక్కటే పోయింది. దాని సంగతి మేం ఆలోచించలేదు. పావుగంటకు పక్క తలుపులోంచి బాపు లోపలికి వచ్చాడు. ఒంటి నిండా దూది నలుసులు, మెడలో తువ్వాల. చాప మీద పహిల్వాన్ కాక.

కాక లేచి నిలబడ్డాడు. చేతిలోని మామిడి టెంక ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లోనే ఉంచుకున్నాడు. నేను టీవీ ఆపబోతే బాపమ్మ నా చెయ్యి పట్టుకుంది. తెర మీద అప్పుడే జుట్టోడు గుండోడి ఎడమ చెయ్యి తాళ్ళ మీదుగా లాగుతున్నాడు.

బాపు తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. చూశాడు. "మల్ల పెట్టు" అన్నాడు నాతో.

పెట్టాను. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి అన్నాడు: "గీడ ఆపు."

ఆపాను. బొమ్మ వణుకుతూ నిలబడింది. బాపు దగ్గరికి వచ్చి తెర మీద వేలు పెట్టాడు.

"గీడ గుండోడు మోకాలు వంచిండు. సాలు అన్నట్టు. గీడ జుట్టోడు ఆగిండు. జనానికి గుంజుతున్నట్టు కనవడ్తది, గని ఆగిండు." టీవీ వైపే చూస్తూ అన్నాడు: "నువ్వు ఆగలే."

పదేళ్ళలో ఆయనతో బాపు అన్న మొదటి మాట అది.

పహిల్వాన్ కాక ఆగిన బొమ్మ వైపు చూశాడు. "ఆగలే. జనం అరుస్తున్నరు, నాకు ఇనబడలేదని అందరికి జెప్పిన. ఆయితో గూడ గదే జెప్పిన." టెంకను పిడికిట్లో నలిపాడు. "ఇనబడ్డది భయ్యా. నువ్వు సాలు అన్నది ఇనబడ్డది. గెలుపు అందుతుంటే ఆగబుద్ధి కాలే."

అవ్వ చేతిలో కండె ఆగిపోయింది. అంతలో షెడ్లకు కరెంటు వచ్చింది, ఊరు మళ్ళీ టకటకమని మొదలుపెట్టింది. బాపు తువ్వాల భుజాన వేసుకుని సాంచాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే మా గడప దగ్గర పాల చెంబు చప్పుడైంది. బాపు అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. బాపు ఏమంటాడో అని అవ్వ గిన్నె పట్టుకుని తలుపు చాటునే నిలబడింది. బాపు వేపపుల్ల ఉమ్మి, "పొయ్యనీ" అన్నాడు. అంతే. మిగతా మాటలు వాళ్ళిద్దరూ ఎప్పుడు ఆడుకున్నారో నాకు తెలియదు. బడి తెరిచారు. మధ్యాహ్నాలు నేను ఇంట్లో లేను. సాయంత్రం వచ్చేసరికి క్యాసెట్ మాత్రం నేను ఆపిన చోట ఉండేది కాదు.

నాగుల పంచమి వచ్చింది. పొద్దున పుట్టలో పాలు పోసి, మధ్యాహ్నానికి ఊరు ఊరంతా తాలీం దగ్గర చేరింది. పొద్దున జల్లు పడటంతో ఎర్రమట్టి వాసన గుమ్మంటోంది. పక్కనే పల్లి పట్టీలు, మురుకులు అమ్మేవాళ్ళు. అవ్వ, నేను, తమ్ముడు ఒడ్డున కూర్చున్నాం. బాపమ్మ ఏటా వచ్చినట్టే వెదురు బద్దల మూటతో వచ్చింది.

చిన్న కుస్తీలు అయ్యాయి. చివరి పట్టు పహిల్వాన్ కాకదే. మంథని వైపు నుంచి రావాల్సిన పహిల్వాన్ జ్వరమొచ్చి రాలేదు. జనం గొణిగారు, ఈలలు వేశారు. "ఏంది, గింత దూరం వచ్చింది మట్టి సూడనీకా?" అని ఎవరో అరిచారు. కాక గుంట మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తోచనట్టు.

అప్పుడు మా ముందు కూర్చున్న బాపు అంగీ విప్పి అవ్వ ఒళ్ళో వేశాడు.

"ఏంది, పిచ్చిలేసిందా?" అంది అవ్వ.

"జరసేపు" అని ఆయన గుంటలోకి దిగాడు. జనం ఒక్కసారి గప్‌చుప్. వాళ్ళందరికీ పదేళ్ళనాటి సంగతి తెలుసు.

ఇద్దరూ మట్టి తీసి ఒకరి భుజాల మీద ఒకరు చల్లుకున్నారు. చేతులు కలిపారు. కాక బాపు మెడ మీద చెయ్యి వేశాడు, బాపు ఆయన మణికట్టు పట్టాడు. ఆయన మెలి తిప్పబోతే బాపు ముందుకు పల్టీ కొట్టి లేచి తిరిగి అదే మణికట్టు అందుకున్నాడు. తమ్ముడి చెవిలో అన్నాను, "అరేయ్, గిది మన క్యాసెట్‌రా!"

ఔను. మా బాపు గుండోడు, పహిల్వాన్ కాక జుట్టోడు. తర్వాతేమొస్తుందో నాకు తెలుసు. కాక ఎత్తాడు. ఎత్తి వేసేటప్పుడు ఆయన అరచెయ్యి బాపు మెడ వెనక ఉంది. బాపు గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. మట్టి మీద ధబ్బుమని చప్పుడు. జనం లేచి అరిచారు. నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను. ఎందుకంటే తర్వాతది ఎడమ చెయ్యి.

కళ్ళు తెరిచేసరికి బాపు ఆ వంకర చేతిని తనే ముందుకు చాపాడు. పహిల్వాన్ కాక దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. పట్టుకోలేదు. బాపు పెదవులు కదిలాయి. ఏమన్నావని తర్వాత అడిగితే చెప్పాడు, "పట్టుకో అన్న. నాకేంగాదు, పట్టుకో అన్న."

కాక రెండు చేతులతో పట్టుకున్నాడు. తిరిగాడు, భుజం మీదుగా లాగాడు. బాపు మోకాలు వంచాడు. వంచి, ఆకాశం దద్దరిల్లేటట్టు ఒక కేక పెట్టాడు.

అవ్వ ఏడ్చేసింది. జనం "అయ్యో, మల్ల ఇరిశిండు!" అని లేచారు. నేను "ఏం కాలే, ఆగిండు, ఆగిండు!" అంటున్నాను, నా మాట నాకే వినిపించలేదు. అంతలో నా పక్క నుంచి ఏదో దూసుకుపోయింది. బాపమ్మ. డెబ్భై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మూటలోంచి అన్నింటికన్నా లావైన వెదురు బద్ద తీసుకుని గుంటలోకి దిగింది.

"నీ చేతులిరగ! మల్ల ఇరిశినవా నా కొడుకు చెయ్యి! మల్ల ఇరిశినవా!" అంటూ పహిల్వాన్ కాకను చితకబాదడం మొదలుపెట్టింది. ఊరంతటినీ ఎత్తేసిన మనిషి తల మీద చేతులు పెట్టుకుని గుంటలో చుట్టూ పరుగెత్తాడు. "ఆయీ, నేను ఇరువనే లే! ఆయీ, ఆటనే! నీ కొడుకునే అడుగు!"

బాపు మట్టిలో వెల్లకిలా పడి నవ్వుతున్నాడు. లేవబోయి, నవ్వు ఆగక మళ్ళీ పడ్డాడు. ఎడమ చేతిని మాత్రం పొట్టకు అదుముకునే ఉన్నాడు. "అవ్వా, ఏంగాలే. సూడు" అని చివరికి ఆ చెయ్యి ఎత్తి వేళ్ళు ఆడించాడు. బాపమ్మ బద్ద చేతిలో పట్టుకుని ఆయనను చూసింది, కాకను చూసింది, చుట్టూ జనాన్ని చూసింది. అన్ని మధ్యాహ్నాలు ఒక్కొక్క కీలూ చూసి చూసి, క్యాసెట్‌లోది ఆట అని అందరికన్నా ముందు తెలుసుకున్న మనిషి.

"థూ, మీ ఆట పాడుగాను" అని అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

ఆ సంగతంతా ఉత్తరం బదులు మాటల క్యాసెట్‌లో చెప్పి దుబాయికి పంపాం. కుస్తీ మొదటి నుంచి చివరిదాకా నేనే చెప్పాను, బాపమ్మ తిట్లతో సహా. క్యాంపులో పదిమంది కూర్చుని విన్నారని మామ జవాబు పంపాడు.

వీసీఆర్‌కు రెండు వానాకాలాల తర్వాత బూజు పట్టింది. తాలీం ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. సాంచాల చప్పుడు కూడా ఆ ఊళ్ళో సగానికి పడిపోయిందంటారు. బాపమ్మ, బాపు, పహిల్వాన్ కాక ముగ్గురూ లేరు. వాళ్ళ గురించి ఎవరైనా అడిగితే నేను కుస్తీ చెప్పి ఆపను. ఆ మర్నాడు పొద్దున కూడా చెబుతాను.

ఆ మర్నాడు పాలతో పాటు పహిల్వాన్ కాక కుడిచేతి చిటికెన వేలు పట్టుకుని వచ్చాడు. బొటనవేలంత వాచింది. ఆ కుస్తీలో నిజంగా తగిలిన దెబ్బ అదొక్కటే, అది బాపమ్మ కొట్టింది. ఆమె కళ్ళెత్తకుండా సొన, పిండి కలిపింది. ఎముక సరిచేసేటప్పుడు మనిషి గుంజుకోకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎప్పుడూ ఆ పని అవ్వ చేసేది. ఆ రోజు బాపు వచ్చి అరుగు మీద ఆయనకు ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"గట్టిగ పట్టు బిడ్డా" అంది బాపమ్మ.

"పట్టిన, నువ్వు కానీ."

ఆమె వేలు లాగింది. పహిల్వాన్ కాక వీధి చివరిదాకా వినిపించేటట్టు కేక పెట్టాడు. బాపమ్మ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"అరువకురా, గీడ జనం లేరు" అంది.